పాత మద్రాసు బాట పక్కన



కోలారు నుంచి చిత్తూరుకు బస్సులో పోయేవాళ్ళు దారిలో ఏం చేస్తారు? కిటికీ పక్కన చోటు దొరికితే కునుకు తీస్తారు. ముళబాగిలులో బస్సు ఆగితే ఒకసారి, నంగలి దాటేటప్పుడు ఇంకోసారి కళ్ళు తెరుస్తారు. పలమనేరు వచ్చేసరికి మన రాష్ట్రం వచ్చిందని కొందరు, మన రాష్ట్రం దాటిపోయిందని కొందరు అనుకుంటారు. ఇంతలో బాట పక్కన ఏమేమి వెనక్కి పోయాయో ఎవరూ లెక్కపెట్టరు. ఈ వేళ ఆ వెనక్కి పోయిన వాటిలో కొన్నింటిని గురించి మీతో చెప్పాలని ఉంది.

నేనూ మావారూ బడి సెలవుల్లో ఈ బాట వెంబడి తిరగడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. మాకున్నది ఒక పాత స్కూటరు. మావారికి తిండి మీద ధ్యాస, నాకు రాళ్ళ మీద. ఆయన పెనం మీద నూనె చిటపటలాడే చోట బండి ఆపుతారు, నేను పాత రాయి కనబడిన చోట ఆపమంటాను. మొదట్లో దీని మీద తగవులు పడేవాళ్ళం. పోనుపోనూ తెలిసిందేమంటే, పాత రాయి ఉన్న చోటే తిండీ దొరుకుతుంది. నడిచిపోయే మనిషికి ఆకలి వేసే చోటు, కాళ్ళు లాగే చోటు, దాహం వేసే చోటు ఏనాడో తేలిపోయాయి. సత్రం అక్కడే కట్టారు, బావి అక్కడే తవ్వారు, ఇప్పుడు ఇడ్లీ బండి కూడా అక్కడే నిలబడుతుంది.

ముందు బాట సంగతి. బెంగుళూరు నుంచి హొసకోట, కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు, రాణిపేట మీదుగా మద్రాసు చేరే ఈ దారిని మనవాళ్ళు ఇంకా మద్రాసు రోడ్డు అనే అంటారు. చాలాకాలం దీనికి నాలుగో నంబరు జాతీయ రహదారి అని పేరు. 2010లో నంబర్లన్నీ మారాయి. నంబరు మారడం ఈ బాటకు పెద్ద సంగతి కాదు లెండి, దీని మీద రాజ్యాలే మారాయి. హొయ్సళ విష్ణువర్ధనుడి బిరుదుల్లో తలకాడుతో పాటు నంగలిని కూడా గెలిచినవాడు అని ఉంటుంది. అంటే తొమ్మిది వందల ఏళ్ళ నాడు కూడా నంగలి ఒక హద్దే. తెల్లవాళ్ళ కాలంలో నంగలికి పడమర మైసూరు సంస్థానం, తూర్పున మద్రాసు రాజధాని. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1953 అక్టోబరు 1న అది ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1956 నవంబరు 1న మైసూరు పెద్దదయింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి వైపు ఊళ్ళు మద్రాసుకు పోయాయి. ఇన్నిసార్లు గీతలు గీసి చెరిపినా బండిబాట మాత్రం ఉన్నచోటనే ఉంది. దాని పక్కన ఇడ్లీ అమ్మే ఆమె తెలుగులో ధర చెప్పి, కన్నడంలో చిల్లర లెక్కపెట్టి, అరవంలో కొడుకును కసురుకోవడం మానలేదు.

ఈ బాట మోసిన బరువుల్లో ఒకటి విచిత్రమైనది. 1782 డిసెంబరులో హైదరాలీ చిత్తూరుకు దగ్గరలో, నరసింగరాయనిపేట దగ్గరి దండులో చనిపోయాడు. కొడుకు టిప్పు అప్పుడు దూరాన మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. సంగతి తెలిస్తే సైన్యం చెదిరిపోతుందని మంత్రులు దాన్ని దాచిపెట్టారు. శవాన్ని సుగంధ ద్రవ్యాలు నింపిన పెట్టెలో పెట్టి, ఖజానా పంపే పద్ధతిలోనే కావలి ఇచ్చి కోలారుకు పంపించారని చరిత్రకారుడు విల్క్స్ రాశాడు. కోలారులో హైదరు తండ్రి ఫతే మహమ్మద్ గోరీ ఉంది, ఇప్పటికీ చూడవచ్చు. కొంతకాలం కొడుకునూ అక్కడే ఉంచి, తరువాత శ్రీరంగపట్నం తరలించారు. మోసినవాళ్ళు తాము మోస్తున్నది డబ్బని అనుకుని ఉంటారు. ఆ గోరీ దగ్గర నిలబడితే నాకు హైదరు కన్నా ఆ కూలీలే ఎక్కువగా గుర్తుకు వస్తారు.

కోలారులోనే కోలారమ్మ గుడి ఉంది. చోళుల కాలపు తమిళ శాసనాలు గోడల మీద ఉన్నాయి. అయితే దారిన పోయేవాళ్ళు ఆగేది శాసనాల కోసం కాదు, లోపలి చేళమ్మ కోసం. చేళు అంటే కన్నడంలో తేలు. ఆ తల్లికి మొక్కితే తేలు కుట్టదని నమ్మకం. నేలలో తొలిచిన హుండీలో కానుక వేస్తారు. రాళ్ళ సీమలో, చీకట్లో, ఉత్త కాళ్ళతో నడిచేవాడికి తేలు ఎంత భయమో బస్సులో కూర్చున్న మనకు తెలియదు. చెప్పులు లేని కాళ్ళ చరిత్ర అని ఎవరైనా పుస్తకం రాస్తే అందులో మొదటి అధ్యాయం ఈ గుడిదే కావాలి.

కోలారు నుంచి ఉత్తరంగా చింతామణి దారి పడితే కైవారం వస్తుంది. 2007 నుంచి అది చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉంది. మద్రాసు బాటకు ఇది పక్కదారే, కానీ తెలుగు వాళ్ళం దాన్ని వదిలిపెట్టి పోలేము. కైవారం తాతయ్య, అంటే యోగి నారాయణ, పద్ధెనిమిదో శతాబ్దంలో ఇక్కడ పుట్టాడు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి గాజులు అమ్మిన మనిషి. తెలుగులోనూ కన్నడంలోనూ పద్యాలు, తత్త్వాలు చెప్పాడు. ఎవరి చేతికి ఎంత గాజు పడుతుందో తెలిసినవాడు కదా, ఎవరి చెవికి ఏ భాష పడుతుందో కూడా తెలిసే ఉంటుంది. బళ్ళో పిల్లలకు రెండు భాషల్లో పాఠం చెప్పే నాకు ఆయన మా వృత్తివాడిలాగే కనిపిస్తాడు.

కైవారానికి ఇంకో పేరు కూడా ఉంది, ఏకచక్రపురం. బకాసురుడికి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకొచ్చిన మనిషి, ఇంత రోజువారీ భోజనం పంపిన ఊరు ఇదేనని, భీముడు వాణ్ణి చంపింది ఈ కొండమీదనేనని ఇక్కడివాళ్ళు చెబుతారు. భారతంలోని ఏకచక్రపురం మాదే అనే ఊళ్ళు దేశంలో ఇంకా ఉన్నాయి, ఆ తగవులోకి మనం దిగవద్దు. మావారు మాత్రం కొండ కింద నిలబడి, “చూశావా, తిండిపోతు పేరు మీద కూడా ఒక ఊరు బతుకుతా ఉంది” అన్నారు. మరచెంబు తీసి నీళ్ళు ఇచ్చి ఊరుకున్నాను.

తిరిగి బాటకు వద్దాం. ముళబాగిలు అంటే మూడల బాగిలు, తూర్పు వాకిలి. పడమటి నుంచి తిరుపతికి నడిచిపోయే యాత్రికులకు ఇదే తలుపు. ఊరి బయటి నరసింహ తీర్థంలో మునిగి ముందుకు సాగడం ఆనవాయితీ అని పెద్దలు చెబుతారు. వ్యాసరాయలకు గురువైన శ్రీపాదరాయల బృందావనం అక్కడే ఉంది. దగ్గరలోని కురుడుమలెలో ఒకే రాతి వినాయకుడు పదమూడు అడుగుల ఎత్తు ఉంటాడు. ఇంకోవైపు ఆవని. అక్కడ రామ, లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేర్లతో నాలుగు శివాలయాలు నొళంబుల కాలం నాటివి. సీతమ్మ లవకుశుల్ని కన్నది ఈ కొండమీదనేనని స్థలపురాణం. నిండు గర్భిణిని దారిలో దించేసి పోయిన కథ ఈ బాట పక్కనే వెలిసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ముళబాగిలు దోసె గురించి చెప్పకపోతే మావారు ఇంట్లోకి రానివ్వరు. పలచగా కాగితంలా ఉండదు ఇది. అరచేతికి కొంచెం పెద్దగా, మందంగా, పైన మెత్తగా, కింద ఎర్రగా కరకరమంటూ ఉంటుంది. ఎర్ర చట్నీ పూసి, నెయ్యి వేసి, ఆలుగడ్డ పల్యం పెట్టి ఇస్తారు. ఈ పేరుతో బెంగుళూరులో దొరికేవి కూడా తిన్నాం, బాగానే ఉన్నాయి. అయితే బస్సు హారన్ కొడుతూ ఉండగా, నోరు కాలుతూ ఉండగా, “తినమ్మా, డ్రైవరు గూడా ఈడనే తింటా ఉండాడు, బస్సు యాడికీ పోదు” అని పెనం దగ్గరి పెద్దాయన ధైర్యం చెబుతూ ఉండగా తిన్న దోసె రుచి వేరు. ఊరు దాటితే మిలిటరీ హోటళ్ళు వస్తాయి. మిలిటరీ అంటే సిపాయిలు ఉంటారని కాదు, మాంసం వండుతారని మన సీమలో అర్థం. రాగి ముద్ద, నాటుకోడి పులుసు. ముద్దను నమలకుండా మింగాలి, నమిలితే పక్కబల్ల వాళ్ళు నవ్వుతారు.

ఇంత కమ్మగా చెప్పాక ఒక చేదు మాట కూడా చెప్పాలి. బాట అందరిదీ అని సులువుగా అనేస్తాం. బాట పక్కన కూర్చునే చోటు అందరిదీ కాదు, చాలాకాలం. సత్రాల్లో ఫలానా కులానికి అరుగు, ఫలానా వాళ్ళకు బయటి చెట్టు. కాఫీ హోటళ్ళు వచ్చాక కూడా బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. 1957లో మద్రాసులోని మురళీ కఫే బోర్డు మీద బ్రాహ్మణ అనే మాట తీసేయాలని పెరియారు మనుషులు రోజుల తరబడి నిరసన చేశారు. అవి పట్నపు తగవులు, పత్రికల్లో పడ్డాయి. పల్లెల్లో పత్రికలు లేవు. ఒక ఊళ్ళో, పేరు వద్దు, డెబ్భై దాటిన ఒక పెద్దాయన హోటలు వెనక గోడకున్న గూడును చూపించాడు. “మా లోటాలు ఆ గూట్లో ఉండేవి తల్లీ. తాగి, కడిగి, మళ్ళా ఆడనే బోర్లించాల. పైనుంచి పోసేవాడు. ఇప్పుడు నా మనవడు లోపల కూసోని ఫోను చూసుకుంటా తాగుతాడు. వానికి ఈ గూడు ఎందుకుందో తెలవదు.” మన రాజ్యాంగం పదిహేనో అధికరణం తీసి చదవండి. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ఇన్నింటినీ పేరుపేరునా రాశారు. అంత పెద్ద గ్రంథంలో హోటలు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ గోడ గూడు చూడాలి. ఏడో తరగతి పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు నేను గూడు బొమ్మ గీస్తాను.

ముళబాగిలుకు దక్షిణంగా బేతమంగళం చెరువు, అటుపైన బంగారు గనులు. 1800 ఏప్రిల్‌లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు వెల్లెస్లీ ఆజ్ఞ మీద మద్రాసులో బయలుదేరి, వెంకటగిరికోట, బేతమంగళం మీదుగానే మైసూరు దేశంలోకి వచ్చాడు. దారిలో ఏం పండుతుంది, ఎవరు ఏం నేస్తారు, చెరువులో నీళ్ళున్నాయా లేవా, అన్నీ రాసుకున్నాడు. 1807లో మూడు సంపుటాలుగా అచ్చయింది. అతని చూపు దొరగారి లెక్కల చూపే. అయినా మన ఊళ్ళ పేర్లు అంత శ్రద్ధగా రాసినందుకు నేను అతని మీద కోపం పెట్టుకోలేను. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చిన గనులవి. ఇప్పుడు రోడ్డు మీదికి కనబడేవి సైనైడ్ దిబ్బలు, పచ్చిక మొలవని తెల్లటి మట్టి గుట్టలు. అక్కడికి దగ్గరలోనే కమ్మసంద్ర కోటిలింగేశ్వరం. 1980లో మొదలైన క్షేత్రం, 108 అడుగుల లింగం. చుట్టూ భక్తులు నిలిపిన లింగాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. సిమెంటు కట్టడాలు నాకు పెద్దగా నచ్చవు. కానీ ప్రతి చిన్న లింగం వెనకా ఒక కుటుంబం మొక్కు ఉంది, కాబట్టి దీన్ని వింత అని నవ్వి పోవడం కుదరదు.

ఇక అసలు నేను చెప్పదలచుకున్న రాయి దగ్గరికి వస్తాను. పలమనేరు దాటాక పాత రోడ్డు ఒకచోట కొత్త రోడ్డు నుంచి విడిపోయి చింతచెట్ల కిందుగా పోతుంది. అక్కడ రెండు రాతి కంబాలు, వాటి మీద అడ్డంగా ఒక బండ చూశాం. ఎత్తు ఐదడుగుల పైన. వాకిలి లాగా ఉంది, ఇల్లు లేదు. ఊయల కంబాలు అనుకుందామంటే కొక్కెం లేదు. పక్కనే ఒకావిడ ఇడ్లీలు అమ్ముతోంది. మావారు అక్కడ కూర్చున్నారు, నేను రాయి చుట్టూ తిరిగాను.

ఇటువంటి రాయిని అరవంలో సుమైతాంగి అంటారు. సుమై అంటే బరువు, తాంగి అంటే మోసేది. కేరళలో అత్తాణి అంటారు. మన వైపు ఊరికొక మాట ఉంది. పని మాత్రం ఒకటే. తలమీద మోపు ఉన్న మనిషి ఒంటరిగా నడిచిపోతున్నాడు. మోపు కింద దించితే మళ్ళీ తలకెత్తడానికి ఇంకొకరి చెయ్యి కావాలి, నడిదారిలో ఎవరు దొరుకుతారు? అందుకని తల ఎత్తులో బండ పెట్టారు. నడిచొచ్చి, బండకు ఆనుకుని, మోపును తలమీది నుంచి అటే జరిపేస్తాడు. చెమట తుడుచుకుంటాడు, నీళ్ళు తాగుతాడు. పోయేటప్పుడు మళ్ళీ బండ అంచుకు తల ఆనించి లాక్కుంటే మోపు తలమీదికి వస్తుంది. ఎవరి సాయమూ అక్కరలేదు. ఉప్పు, బెల్లం, కట్టెలు, నేసిన బట్టల మూటలు, గాజుల మలారాలు, అన్నీ ఇలాంటి బండల మీద ఆగి ఆగి ఊళ్ళు చేరాయి.

ఈ రాళ్ళు ఎవరు పెట్టించారు? రాజులు పెట్టించినవి తక్కువ. కడుపుతో ఉండి, కాన్పు కాకుండానే చనిపోయిన ఆడవాళ్ళ పేరు మీద ఇంటివాళ్ళు నిలిపినవి ఎక్కువని తమిళ దేశంలో, కేరళలో, కన్నడ దేశపు దక్షిణాన చెబుతారు. ఆమె తన బరువు దించుకోకుండానే పోయింది. దారిన పోయేవాళ్ళు ఈ బండమీద తమ బరువు దించుకున్నప్పుడల్లా ఆమెకు కొంత తేలిక అవుతుందని నమ్మకం. అందుకే ఊరి మధ్యలో కాక బాట పక్కన, నీళ్ళకు దగ్గరగా పెట్టారు. ఎంతమంది ఆగితే అంత మంచిది.

ఆ ఇడ్లీలమ్మే ఆవిడను అడిగాను, ఈ రాయి ఎవరిదమ్మా అని. గరిటె కింద పెట్టి, “మా జేజవ్వ అక్కదంట. తొమ్మిదో నెలలో పొయ్యిందంట. మా తాతల నాడు బండలు తెచ్చి నిలబెట్టినారు” అంది. పేరు కూడా చెప్పింది. ఆ పేరు నేను ఇక్కడ చెప్పను, అది ఆ ఇంటివాళ్ళది. “రోడ్డు ఎడల్పు చేసేదానికి కొలతలేసుకోని పొయినారు. దీన్ని తీసేస్తే యాడ పెట్టుకోవాల్నో తెలవదు” అంది. వాళ్ళింట్లో ఎవరూ ఈ రాయికి పూజ చేయరట. రోజూ పొద్దున ఇడ్లీ సామాను తెచ్చినప్పుడు ముందు బుట్ట ఈ బండమీదనే దించుతుంది, అంతే. అంత పాత ఆచారం ఆ ఒక్క బుట్టతో ఇంకా నడుస్తోంది.

ఈ సీమలో కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు హొసకోట నుంచి మాలూరు, గనుల పక్కగా వేరే దారిన వచ్చింది. పాత బాటను కూడా వెడల్పు చేస్తున్నారు. రోడ్లు వద్దని నేను అనను. కాన్పు నొప్పులతో ఉన్న మనిషిని గంటలో ఆసుపత్రి చేర్చే రోడ్డు ఆనాడు ఉండి ఉంటే ఆ రాయి నిలిపే అవసరమే వచ్చేది కాదు. అయితే రోడ్డు పనివాళ్ళకు ఆ బండ రెండు కంబాలు, ఒక అడ్డరాయి. దాని మీద అక్షరం ఒక్కటి కూడా లేదు కాబట్టి శాసనాల జాబితాలోకి ఎక్కదు. గుడి కాదు కాబట్టి అడ్డుకునేవాళ్ళూ ఉండరు. ఇంకోచోట ఇలాంటి అడ్డబండే కాలువ మీద దాటుడు రాయిగా పడి ఉండటం చూశాం. కంబాలు ఏమయ్యాయో చెప్పేవాళ్ళు లేరు, ఎవరి పేరు మీద నిలిపారో కూడా.

శ్రోతలారా, మీ ఊరి బయట, పాత బాట పక్కన, ఇటువంటి రాయి ఉంటే ఈ వారంలో ఒక పని చేయండి. ఎనభై దాటిన అవ్వ ఎవరైనా ఉంటే ఆ రాయి దగ్గరికి నెమ్మదిగా తీసుకుపోయి, అది ఎవరిదని అడగండి. చెప్పిన పేరు, ఏ ఇంటివారు, ఏ దిక్కున ఉంది, ఎంత ఎత్తు, ఇంత మాత్రం ఒక నోటుబుక్కులో తెలుగులోనో కన్నడంలోనో మీకు వచ్చిన అక్షరాల్లో రాయండి. ఒక ప్రతి పంచాయతీ ఆఫీసులో, ఒకటి బళ్ళో ఇవ్వండి. రోడ్డు కొలతలవాళ్ళు వచ్చినప్పుడు ఆ కాగితం చూపించి, రాయిని పది అడుగులు లోపలికి జరిపి నిలబెట్టమని అడగవచ్చు. మా బడి పిల్లలు ఇప్పటికి నాలుగు రాళ్ళ వివరాలు రాశారు. నాలుగింటిలో మూడింటికి పేర్లు దొరికాయి.